బిగ్గరగా చదివిన బరువులు

పోయిన నెల యాప్రాల్ నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు రోజ్‌లిన్. నేను రిటైరై ఖాళీ చేసిన ఉద్యోగంలో కొత్తగా చేరింది. చేతిలో ట్యాబ్, మెడలో ఐడీ కార్డు, ముఖంలో ఈ సంవత్సరాంతానికల్లా పిల్లలందరినీ బాగుచేసేస్తానన్న ధీమా. "ఆంటీ, మీ లెసన్ ప్లాన్లు, పీపీటీలు ఇస్తే నాకు చాలా హెల్ప్ అవుతుంది" అంది. ఇచ్చాను. వాటిలో నవ్వుతున్న యాపిల్ బొమ్మ, కళ్లజోడు పెట్టుకున్న క్యారెట్ బొమ్మ, కండలు తిరిగిన పాలగ్లాసు బొమ్మ ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ బొమ్మలు చూసి ఒక్క పిల్లవాడు ఒక్క సమోసా తగ్గించిన దాఖలా లేదు. ఇంటికి వచ్చిన పిల్లకు టీ చేతికిచ్చి ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. అందుకని ఇలా రాస్తున్నాను.

నా పేరు సుగుణ. మా నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే గుమాస్తాగా వచ్చి సికింద్రాబాద్‌లో పాతుకుపోయారు. నేను తిరుమలగిరిలో ఉంటాను. బోయిగూడ దగ్గర ఒక స్కూల్లో పోషకాహారం టీచరుగా పనిచేశాను. లావయ్యే ప్రమాదమున్న పిల్లలను ముందే గుర్తించి, ఏం తినాలో, ఎంత తినాలో నేర్పడం నా పని. పిల్లలు నన్ను కీరా మేడం అనేవాళ్లు. లంచ్ బెల్లు కొట్టగానే డబ్బా తెరిచి వాళ్లందరి ముందు కీరా ముక్కలు తినేదాన్ని మరి. ఆ తర్వాత స్టాఫ్ రూములో తలుపేసుకుని ఏం తినేదాన్నో వాళ్లకు తెలియదు. నేనేమీ సన్నటి మనిషిని కాదు. ఈ సంగతి దాచి లాభం లేదు, దాగేది కూడా కాదు.

"వాడేమీ తినడు మేడం"

ఈ ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న వాక్యం ఇది. చెప్పేది తల్లి. పక్కనే కొడుకు చిప్స్ పాకెట్లో చెయ్యి మోచేతిదాకా దూర్చి, అడుగున మిగిలిన పొడి కోసం వెతుకుతుంటాడు.

యాప్రాల్ వైపు అపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన ఒకావిడతో జరిగిన సంభాషణ ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మావోడు అసలేం తినడు మేడం. పొద్దున రెండంటే రెండే దోసెలు."

"తర్వాత?"

"స్కూల్లో మీరే చూస్తరు గదా, డబ్బా సగం వాపస్ తెస్తడు."

"ఇంటికొచ్చాక?"

"ఇంటికొచ్చినంక నూడుల్స్, జెర కేకు, చాక్లెట్ పాలు. గవి స్నాక్స్ మేడం, తిండి కాదు గదా! రాత్రి అన్నం ముందట కూసుంటే మాత్రం రెండు ముద్దలు గూడ దిగయి. మస్తు పరేషాన్ అయితున్నది."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది. మన ఇళ్లలో తిండి అంటే అన్నం. అన్నం కానిది ఎంత పొట్టలోకి వెళ్లినా లెక్కలోకి రాదు. రెండు ముద్దలు కంచంలో వదిలేసిన పిల్లవాడు ఆ ఇంట్లో పస్తులున్నట్టే. కాబట్టి కొత్తగా చేరేవాళ్లు తల్లిదండ్రులను "ఏం తింటాడు?" అని అడగవద్దు. "నిన్న బస్సు దిగినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం జరిగింది?" అని అడగండి. అప్పుడు నిజం తనంతట తానే బయటికి వస్తుంది.

ఆ పిల్లవాడి తండ్రి "మా ఇంట్లో ట్రెడ్‌మిల్ సుత ఉన్నది మేడం" అని గర్వంగా చెప్పి చూడ్డానికి రమ్మన్నాడు. వెళ్లాను. ఉన్నమాట నిజమే. దాని మీద పిల్లవాడి యూనిఫాం రెండు జతలు ఆరుతున్నాయి. ఆ ఇంట్లో క్రమం తప్పకుండా ట్రెడ్‌మిల్ ఎక్కేది ఆ యూనిఫామే.

పచ్చ సమోసా

మా ప్రిన్సిపాల్ గారు చెడ్డమనిషి కారు. ఆయనకు బోర్డులంటే ప్రాణం. ఏ సమస్య వచ్చినా దాని మీద ఒక బోర్డు రాయిస్తే సగం తీరిపోయిందనుకునేవారు. క్యాంటీన్లో సమోసాలు, కూల్‌డ్రింకులు ఆపమని నేను రెండేళ్లు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. మూడో ఏడు ఒకరోజు నన్ను పిలిచి, "మేడం, మీ ప్రాబ్లం సాల్వ్ అయిపోయింది. వెళ్లి చూడండి" అన్నారు.

వెళ్లి చూస్తే క్యాంటీన్ మీద 'ఆరోగ్య క్యాంటీన్' అని ఆకుపచ్చ బోర్డు. లోపల అదే మూకుడు, అదే నూనె. పిండిలో మాత్రం పాలకూర రసం కలిపారట, సమోసాలు పచ్చగా ఉన్నాయి. "గ్రీన్ సమోసా మేడం. ఐరన్ కూడా వస్తుంది" అన్నారు ప్రిన్సిపాల్ గారు. అమ్మకాలు రెట్టింపయ్యాయి. అంతవరకు ఇంట్లో తెలిస్తే తిడతారని భయపడుతూ తిన్న పిల్లలు, ఆ రోజు నుంచి ఐరన్ కోసమని ధైర్యంగా తినసాగారు.

పోషకాహార వారోత్సవం సంగతి ఇంకో అధ్యాయం. ఒక బిస్కెట్ కంపెనీ వాళ్లు ఖర్చంతా పెట్టుకున్నారు. నేను స్టేజీ ఎక్కి చక్కెర ఎంత చెడ్డదో నలభై నిమిషాలు చెప్పాను. చప్పట్లు కొట్టారు. వందన సమర్పణ అయ్యాక పిల్లలకు తలా ఒక క్రీమ్ బిస్కెట్ల పాకెట్ పంచారు. నాకు శాలువా కప్పి బుట్టెడు బిస్కెట్లు చేతిలో పెట్టారు. కంచే చేను మేసిందని ప్రిన్సిపాల్ గారిని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. ఆ బుట్ట ఎన్ని రోజుల్లో ఖాళీ అయిందో మాత్రం అడగకండి.

పిల్లలకు మనం చెప్పేది ఒక పాఠం. మనం అమ్మేది, పంచేది ఇంకో పాఠం. పరీక్ష పెట్టకపోయినా వాళ్లకు రెండోదే బాగా వస్తుంది.

టైం కలిసొస్తుందని

ఇంతవరకు అందరి తప్పులూ చెప్పాను కదా, ఇప్పుడు నాది.

ఏడాదికి మూడుసార్లు పిల్లల బరువులు చూడాలి. స్కూలు మొత్తాన్ని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి చూస్తే వారం పడుతుంది. పాఠాలు పోతున్నాయని మిగతా టీచర్లు సణిగేవారు. అప్పుడు నాకు ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఉదయం అసెంబ్లీలో పిల్లలు ఎలాగూ లైన్లలోనే నిలబడతారు. బరువు తూచే మిషన్ తెచ్చి స్టేజీ పక్కన పెడితే సరి. పీటీ సార్ నర్సింగ్‌రావు గారు అంకె చూసి చదువుతారు, నేను బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటాను. రెండు పొద్దుల్లో పని పూర్తి.

నర్సింగ్‌రావు గారు మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. తిరుమలగిరి మైదానంలో ఆయన 'సావధాన్' అంటే బోయిగూడ చౌరస్తాలో ఆటోలు ఆగుతాయని మేము వేళాకోళం ఆడేవాళ్లం. మొదటి రోజు ఆయన కాస్త మెల్లగానే చదివారు. నాకే వినిపించలేదు.

"సార్, బిగ్గరగా చదవండి. ఒక్కొక్కటి రెండుసార్లు అడగాలంటే నాకు టైం పోతోంది" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఎవరూ అనిపించలేదు.

ఆయనకు గొంతెత్తమని చెప్పడమే తరువాయి. ఆరో తరగతి లైను వచ్చింది. రెండు జడలు వేసుకున్న ఒక పిల్ల చెప్పులు విప్పి మిషన్ ఎక్కింది. "నలభై ఎనిమిదీ!" అన్నారు సార్, మార్చ్‌పాస్ట్‌లో ఆర్డరిచ్చినట్టు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు ఏడో తరగతిదాకా పాకింది. ఆ పిల్ల దిగి చెప్పులు వేసుకుంటూ తికమకలో ఎడమది కుడికాలికి వేసుకుంది. నేను తలవంచి అంకె రాసుకున్నాను. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఆ రోజు ఆ పిల్లిని నేనే. రెండు పొద్దుల్లో పని పూర్తయిందని ప్రిన్సిపాల్ గారు మెచ్చుకున్నారు కూడా.

ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు నలభై ఎనిమిది అయిపోయింది. "ఏయ్ నలభై ఎనిమిదీ, బాల్ ఇటెయ్." "నలభై ఎనిమిది ఇయ్యాల రాలేదు టీచర్." వరండాలో ఆ మాటలు నా చెవిన పడ్డాయి. పిల్లలన్నాక పేర్లు పెట్టుకుంటారులే అనుకున్నాను. నా రిజిస్టర్లో కూడా పక్కన ఎర్ర చుక్క పెట్టి మనసులో అలాగే గుర్తుపెట్టుకున్నాను.

బహుమతి

తర్వాతిసారి బరువులు చూసినప్పుడు ఆ పిల్ల నలభై నాలుగుంది. ఆ తర్వాతిసారి నలభై ఒకటి. నా సంతోషం ఇంతా అంతా కాదు. నా కీరా ముక్కలకు, నా పీపీటీలకు ఇన్నేళ్లకు ఫలితం కనిపించిందనుకున్నాను. ప్రిన్సిపాల్ గారు నాకన్నా సంబరపడ్డారు. "సక్సెస్ స్టోరీ మేడం! స్టేజీ మీద పిలుద్దాం" అన్నారు. పిలిచాం. నాలుగు మెతుకులు తింటుందో లేదో ఎవరూ కనుక్కోకుండా, చప్పట్ల మధ్య ఆ పిల్లకు మూడు గిన్నెల స్టీలు టిఫిన్ డబ్బా బహుమతి ఇచ్చాం. అన్నం మానేసిన పిల్లకు అన్నం డబ్బా.

స్పోర్ట్స్ డే రిహార్సల్ రోజు ఎండలో మార్చ్‌పాస్ట్ చేయిస్తుంటే ఆ పిల్ల నిలువునా పడిపోయింది. నర్సింగ్‌రావు గారు రెండు చేతుల మీద ఎత్తుకుని పరుగు తీశారు. వెనక నేను. పక్క వీధిలో క్లినిక్. చీటీ రాయడానికి నర్సు పెన్ను తీసి నన్ను అడిగింది, "పాప పేరు?"

నా నోట్లో నుంచి వచ్చిన మాట ఇది: "నలభై ఎనిమిది."

నర్సు తలెత్తి చూసింది. "మీ వయసు కాదమ్మా. పాప పేరు."

ఎంత తడుముకున్నా ఆ పేరు రాలేదు. బరువులు మూడూ పాయింట్లతో సహా గుర్తున్నాయి. చివరికి నర్సింగ్‌రావు గారే చెప్పారు, "శ్రావ్య." ఆయన అంత మెల్లగా మాట్లాడగలరని ఆ రోజే తెలిసింది. అవతల బెంచీ మీద పడుకున్న ఆ పిల్ల కళ్లు తెరిచే ఉంది. అంతా వింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నా నిజమైన జీతం ఆ నిమిషమే అని ఇప్పటికీ అనుకుంటాను.

రోజూ సరిగా తినడం లేదని, ఇలాగే ఇంకో నెల సాగితే ఆసుపత్రిలో పెట్టాల్సి వస్తుందని డాక్టరు చెప్పారు.

మల్లమ్మ గారు

శ్రావ్య తల్లిదండ్రులిద్దరూ పనులకు వెళ్తారు. నానమ్మ మల్లమ్మ గారు బోయిగూడ సందు మొదట్లో టిఫిన్ బండి నడుపుతారు. మర్నాడు ఆవిడ ఆ స్టీలు డబ్బా పట్టుకుని స్కూలుకు వచ్చి నా బల్ల మీద పెట్టారు.

"పొద్దుగాల ఇడ్లీలు కట్టిస్త. సాయంత్రం డబ్బా ఖాళీగ వస్తది. తిన్నదే అనుకున్న. గేటు కాడ కుక్కలకు ఏస్తున్నదంట మేడం. అడిగితె ఏమన్నదో ఎర్కనా? బక్కగైతే మేడం చప్పట్లు కొట్టిస్తది నానమ్మా అన్నది."

ఆ పిల్ల తిండిలో నూనె, చక్కెర గురించి నేను రెండు ముక్కలు చెప్పబోయాను. అలవాటు అంత తొందరగా పోదు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరు ప్రతి బుధవారం మా బండి కాడ ఆగుతరు. మైసూర్ బజ్జీ నాలుగు తింటరు, అల్లం చట్నీ రెండుసార్లు ఏయించుకుంటరు. నేనెప్పుడన్న ఏమన్న అన్ననా? మైకుల జెప్పి నలుగురిని నవ్విచ్చిన్నా?"

బుధవారం సాయంత్రం చర్చిలో ఉపవాస ప్రార్థన. అది ముగిశాక నేను అక్కడ ఆగడం నిజమే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం మామూలు. ఆవిడ మాత్రం నేరుగా బుట్టతో సహా పట్టుకున్నారు.

"పోరి లావుంటె నాకు సుత భయమే మేడం. మా ఆయన చక్కెర బీమారితోనే పోయిండు. జెర తగ్గాలంటె సైలెంటుగ నాకు జెప్పున్రి, నేను జేస్త. గని గిట్ల తినుడే బందు వెడితె ఎట్ల? దానికి తినుడు మళ్ల మీరే నేర్పియ్యాలె. చెడగొట్టింది మీరే గదా" అని చెప్పి, డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

ఇంతమంది డాక్టర్లను, ఇన్‌స్పెక్టర్లను చూశాను. నా పనికి అంత న్యాయమైన తనిఖీ ఇంకెవరూ చేయలేదు.

ఎనభై నాలుగు

బరువులు అసెంబ్లీలో చూడటం ఆపేద్దామని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. "సిస్టమ్ సెట్ అయింది కదా మేడం. పైగా ట్రాన్స్‌పరెన్సీ" అన్నారు. సరేనన్నాను.

తర్వాతిసారి మిషన్ బయటపెట్టిన రోజు, పిల్లల కన్నా ముందు చెప్పులు విప్పి నేనే ఎక్కాను. ఎక్కగానే దిగిపోదామనిపించింది. యాభై దాటిన మనిషిని, అయినా అనిపించింది. పదకొండేళ్ల పిల్లకు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

నర్సింగ్‌రావు గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "మేడం, గిది అవసరమా?"

"బిగ్గరగా చదవండి సార్. టైం పోతోంది."

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, నిటారుగా నిలబడి, పాత మిలిటరీ గొంతుతో చదివారు. "సుగుణ మేడం! ఎనభై నాలుగూ!"

స్కూలు స్కూలంతా ఘొల్లుమంది. టీచర్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు తగ్గేదాకా ఆగి, మైకు తీసుకుని, "తర్వాత ప్రిన్సిపాల్ గారు" అన్నాను. ఆయనకు ఆ క్షణమే ఏదో అర్జంటు ఫోన్ గుర్తొచ్చింది. మధ్యాహ్నానికల్లా మిషన్ నా గదిలోకి వచ్చింది, తలుపుకు తెర వచ్చింది. సాయంత్రానికి 'బరువు వివరాలు గోప్యం' అని బోర్డు కూడా వచ్చింది. ఆయన రాయించిన బోర్డులన్నిటిలో పనికొచ్చింది అదొక్కటే.

రోజ్‌లిన్ లాంటివాళ్ల కోసం ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నానమ్మతో మాట్లాడి మేము చేసినవి చిన్నచిన్న మార్పులే. సాయంత్రం బండి దగ్గర కూర్చోబెట్టి బజ్జీలు పెట్టే బదులు వీధిలో ఆడుకోనిచ్చారు. కూల్‌డ్రింకు పండగలకే పరిమితమైంది. శ్రావ్య బరువు మళ్లీ కాస్త పెరిగి నిలకడగా ఆగింది, పిల్ల పొడుగు సాగింది. ఆ అంకెలు నేను ఏ స్టేజీ మీదా చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

అయితే అదంతా తర్వాత. అసెంబ్లీ జరిగిన రోజుకు శ్రావ్య స్కూల్లో ఇంకా ఏమీ తినడం లేదు. నానమ్మ నా బల్ల మీద వదిలేసిన స్టీలు డబ్బా నేనే ఆ పిల్లకు తిరిగిచ్చాను, రోజూ ఇడ్లీలతో అదే వచ్చేది. అప్పటికి మూడు వారాలుగా లంచ్ బెల్లు కొట్టగానే నేను వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంటున్నాను. తను డబ్బా మూత తీసేది, చూసేది, మూసేసేది. నేను కీరా ముక్కలు నములుతూ "తినమ్మా" అనేదాన్ని. డాక్టరు చెప్పిన నెల దగ్గర పడుతోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

ఆ మధ్యాహ్నం నేను కీరా డబ్బా తేలేదు. స్టాఫ్ రూములో దాక్కుని తినే అసలు డబ్బా తెచ్చుకున్నాను. గోంగూర పచ్చడి కలిపిన అన్నం, రెండు వడియాలు. శ్రావ్య దాని వంక, నా వంక చూసింది. వరండాలో ఎవరో "ఎనభై నాలుగు ఈడనే కూసున్నదిరా" అంటూ పరుగెత్తారు.

"మేడం, మిమ్మల్ని ఎనభై నాలుగు అంటున్నరు."

"అననీ. కీరా మేడం కన్నా అదే నిజం."

"బాధ అనిపిస్తలేదా?"

టీచర్లకు ఇలాంటి చోట చెప్పే జవాబులు నోటి చివర సిద్ధంగా ఉంటాయి. బాధేముంది, మన ఆరోగ్యం మనకు ముఖ్యం అని చెప్పబోయి ఆగాను.

"అనిపిస్తోంది, శ్రావ్యా. చాలా బాధగా ఉంది. ఆకలి కూడా వేస్తోంది."

అని ఒక ముద్ద తిన్నాను. ఇంకోటి తిన్నాను. ఆ పిల్ల నా డబ్బా వైపు చూసి, తన స్టీలు డబ్బా మూత తీసింది. నాలుగు ఇడ్లీలున్నాయి. రెండు తీసి నా అన్నం మీద పెట్టింది.

"నాలుగైతే ఎక్కువ మేడం. సగం సగం తిందాం" అని, తన ఇడ్లీ తుంచి నా గోంగూరలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

నేను రిటైరయ్యేదాకా స్కూల్లో నా పేరు ఎనభై నాలుగే. శ్రావ్యను మాత్రం ఆ రోజు తర్వాత అందరూ శ్రావ్య అనే పిలిచారు.